ఇంట్లోనే ఎడిటింగ్ రూమ్ కట్టుకుందాం రండి!

2025 మార్చి ఆస్కార్ పండుగ గుర్తుందా మీకు? హాలీవుడ్ మహా స్టూడియోల బొమ్మల చిత్రాలు బరిలో ఉండగా, లాట్వియా అనే చిన్న దేశం నుంచి వచ్చిన ఓ పిల్లి కథ ఉత్తమ యానిమేషన్ చిత్రం బహుమతిని ఎగరేసుకుపోయింది. పేరు ‘ఫ్లో’. చిత్రంలో ఒక్క మాట లేదు. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ ఆ చిత్రాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీశాడు. తుది రూపాన్ని రెండర్ చేసింది కూడా తన సొంత కంప్యూటర్ మీదే!

ఈ కబురు చదివిన మన కుర్రకారు ఊరుకుంటుందా? ఉత్తరాల వాన కురుస్తోంది. అందులో ఒకటి నన్ను కదిలించింది. పశ్చిమ గోదావరి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు రాశాడు. మూడు పెళ్ళిళ్ళ సీజన్లు వీడియోగ్రాఫర్ వెంట లైట్లు మోసి అరవై వేలు కూడబెట్టాడట. సొంతంగా లఘు చిత్రం తీసి, సొంతంగా ఎడిట్ చేసుకోవాలని కోరిక. వాళ్ళ టౌనులోని దుకాణదారు కొటేషన్ ఒకటి చేతిలో పెట్టాడు. అద్దాల కేబినెట్, అందులో ఏడు రంగుల లైట్లు, భారీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే ముక్క, కేబినెట్‌తో పాటు పవర్ సప్లై ఉచితం. కొనమంటారా వద్దంటారా అని ప్రశ్న.

మూడు సీజన్ల చెమట అది. తొందరపడి తేల్చే సంగతి కాదు. అంచేత ఈ వారం తారల కబుర్లు పక్కన పెట్టి, కంప్యూటర్ తారాగణాన్ని పరిచయం చేస్తాను.

ముందు కథ, తర్వాతే కాల్షీట్లు

కథ లేకుండా హీరో డేట్లు తీసుకున్న నిర్మాత గతి ఏమవుతుందో మనకి తెలుసు. కంప్యూటరూ అంతే. దానితో మీరు చేసే పని ఏమిటి? ఫోనుతో తీసిన దృశ్యాల్ని కత్తిరించడమా, మిర్రర్‌లెస్ కెమెరా 4కె ఫుటేజీతో కుస్తీయా, త్రీడీ బొమ్మలు చేయడమా? ఇది కాగితం మీద రాసుకున్నాకే కొట్టు మెట్లెక్కండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరయినా, చెన్నై రిచీ స్ట్రీటయినా, ఏమీ రాసుకోకుండా వెళ్ళినవాడికి కొట్టువాడి దగ్గర అమ్ముడుపోని సరుకే అంటగడతారు.

కథానాయకుడు: ప్రాసెసర్

ఇంటెల్, ఏఎండీ అని రెండు వర్గాల అభిమానులున్నారు. మనం కటౌట్లు కట్టక్కర్లేదు. ఎడిటింగ్‌కి ఆరు కోర్లున్న మధ్యతరగతి ప్రాసెసర్ ఏ వర్గానిదయినా నిక్షేపంగా పనికొస్తుంది.

కానీ పేరు చివర ఉన్న అక్షరాన్ని మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. అంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. కాస్త చవక కాబట్టి కొట్టువాళ్ళు దాన్నే కొటేషన్‌లో పెడతారు. గేములాడేవాడికి ఫరవాలేదు. ఎడిటింగ్ చేసేవాడికి మాత్రం నష్టం. ఎందుకంటారా?

మీ ఫోను వీడియోని హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో దాస్తుంది. ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఒక ఫ్రేము నిండుగా దాచి, తర్వాతి వాటిలో మారిన ముక్కలే రాసుకుంటుంది. ఫైలు చిన్నదవుతుంది, బాగానే ఉంది. కానీ మీరు మధ్యలో ఒక చోట ఆపితే, ఆ ఒక్క బొమ్మ కోసం కంప్యూటర్ చుట్టుపక్కల ఫ్రేములన్నీ విప్పి లెక్క కట్టుకోవాలి. ఈ విప్పే పని కోసమే ఇంటెల్ గ్రాఫిక్స్ భాగంలో క్విక్ సింక్ అనే ప్రత్యేక యంత్రాంగం ఉంది. పెళ్ళిళ్ళలో వాడే కొన్ని కెమెరాలు 4:2:2 అనే పది బిట్ల హెచ్.265 ఫుటేజీ ఇస్తాయి. దాన్ని ఇంటెల్ 11వ తరం నుంచే ఈ భాగం విప్పగలదు. ఎన్విడియా కార్డులకి ఆ విద్య 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరసతో గాని అబ్బలేదు. ఖరీదయిన పాత కార్డు చేయలేని పని, ప్రాసెసర్‌లోని ఉచిత భాగం చేస్తుందన్నమాట! అయితే మీ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోవాలి మరి. ఉచిత కూర్పుల్లో కొన్నింటికి ఈ సదుపాయం కత్తిరించి ఇస్తారు. కొనే ముందు ఆ జాబితా ఒకసారి చూసుకోండి.

సెట్టింగు: మదర్ బోర్డు

హీరో ఎంత గొప్పవాడయినా సెట్టు సరిపోకపోతే షూటింగ్ జరగదు. ప్రాసెసర్ కూర్చునే పీటని సాకెట్ అంటారు. ఏఎండీ ఏఎం4 ప్రాసెసర్ ఏఎం5 బోర్డులో కూర్చోదు. ఏఎం5 బోర్డులో డీడీఆర్4 ర్యామ్ పట్టదు, డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12 నుంచి 14వ తరం దాకా పట్టే ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. రెండూ పట్టే బోర్డనుకుని పొరపడకండి.

ఇక్కడొక దూరపు లెక్క ఉంది. నేను 2019లో ఏఎం4 బోర్డు మీద సిస్టమ్ కట్టించుకున్నాను. 2023లో ప్రాసెసర్ ఒక్కటి మార్చి, బోర్డుకి బయాస్ అప్‌డేట్ చేసుకుంటే సరిపోయింది. బోర్డు, ర్యామ్, పెట్టె అన్నీ పాతవే. సీక్వెల్‌కి పాత సెట్టే వాడుకున్నట్టు! కాబట్టి కొనేటప్పుడే అడగండి: ఈ సాకెట్‌లోకి ఇంకా కొత్త ప్రాసెసర్లు వస్తాయా, ఇదే ఆఖరి ఆటా అని.

సహాయ నటులు: ర్యామ్, డిస్కులు

ర్యామ్ విషయంలో ఇది గడ్డుకాలం. ఏఐ డేటా సెంటర్లు మెమరీని లారీల కొద్దీ కొనెయ్యడంతో 2025 చివర్లో ధరలు ఒక్కసారిగా మండిపోయాయి. అందుకే నేనిక్కడ రూపాయల లెక్క చెప్పడం లేదు. అచ్చయ్యేలోపే అది పాతబడుతుంది. వరస మాత్రం చెప్తాను. ఎడిటింగ్‌కి కనీసం 16 జీబీ. 32 అయితే సుఖం. 16 కొన్నా 8 జీబీ ముక్కలు రెండు కొనండి. జంటగా ఉంటే ప్రాసెసర్‌కి రెండు దార్లు తెరుచుకుంటాయి. ఒంటరి ముక్కతో ఒక దారే. బోర్డులో నాలుగు గాళ్ళుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బిగించేవాడు పక్కపక్కన పెట్టేస్తే సగం వేగం గాలికి పోయినట్టే.

డిస్కు మాటకొస్తే, పాత హార్డ్ డిస్కు సెకనుకి 150, 200 మెగాబైట్లు చదివితే గొప్ప. సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మూడు వేలు, ఆ పైన. సాఫ్ట్‌వేరూ, ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న ఫుటేజీ ఎస్ఎస్‌డీలో ఉండాలి. పని అయిపోయిన సరుకు హార్డ్ డిస్కులోకి పోవాలి. హార్డ్ డిస్కు ఇప్పుడు గోడౌన్ మాత్రమే సుమండీ.

గ్లామర్ తార: గ్రాఫిక్స్ కార్డు

బడ్జెట్ అంతా మింగేసే తార ఇది. కలర్ గ్రేడింగ్, ఎఫెక్టులు, బ్లెండర్ పనులకి నిజంగానే కావాలి. కానీ ఫోను ఫుటేజీ కత్తిరించి, పాట అతికించి, టైటిల్స్ వేసుకునే తొలి సంవత్సరంలో లేకపోయినా కొంపేం మునగదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం ఉన్నది తీసుకుంటే, కార్డు రెండో సంవత్సరం పెట్టుకోవచ్చు. అప్పటికి మీకు మీ పని తెలుస్తుంది, ఏ కార్డు కావాలో కూడా తెలుస్తుంది.

ముసుగు వేసుకున్న విలన్

ఇహ అసలు విలన్ దగ్గరికొద్దాం. ‘కేబినెట్‌తో ఉచితం’ అంటూ నవ్వుతూ ఫ్రేములోకొచ్చే పేరులేని పవర్ సప్లై! డబ్బా మీద 500 వాట్లని ఉంటుంది, లోపల ఎంతుందో ఆ భగవంతుడికే ఎరుక.

నా మిత్రుడొకడు సొంత ఊళ్ళో పదిహేను రోజులు లఘు చిత్రం తీశాడు. అందులో ముఖ్యపాత్ర వాళ్ళ నాయనమ్మ. ఎనభయ్యేళ్ళ మనిషి, కెమెరా ముందు బెరుకే లేదట. ఎడిటింగ్ సగంలో ఉండగా ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. ‘టప్’మని శబ్దం, కాలిన వాసన. ఉచితంగా వచ్చిన ఆ పెట్టె తానొక్కతే పోలేదు. బోర్డుని, డిస్కుని వెంట తీసుకుపోయింది. ఫుటేజీకి రెండో కాపీ లేదు. బోర్డు మళ్ళీ కొన్నాడు. నాయనమ్మని మళ్ళీ షూట్ చేసే అవకాశం రాలేదు. ఆ ఏడాదే ఆవిడ వెళ్ళిపోయింది.

అందుకే ఈ రెండూ రాసి పెట్టుకోండి. ఒకటి, పేరున్న కంపెనీ పవర్ సప్లై, 80 ప్లస్ గుర్తున్నది విడిగా కొనండి. ఆ గుర్తు చెప్పేది విద్యుత్తు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే, నాణ్యతకి పూర్తి పూచీ కాదు. అంచేత వారంటీ ఎన్నేళ్ళో కూడా చూడండి. 65 వాట్ల ప్రాసెసరూ, 150 వాట్ల లోపు కార్డూ ఉన్న సిస్టమ్‌కి 450, 550 వాట్లది చాలు. రెండు, ఏ ఫుటేజీ అయినా రెండు చోట్ల ఉండేదాకా కెమెరా కార్డు చెరపకండి.

యూపీఎస్ కూడా తప్పనిసరి. 600 వీఏది ఇచ్చేది సుమారు 360 వాట్లు. కరెంటు పోయాక పని సేవ్ చేసి ఆపుకునేందుకు ఆ కొద్ది నిమిషాలు చాలు. పెట్టె ముట్టుకుంటే చిమచిమలాడిందంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్ని పిలిచాకే స్విచ్ వెయ్యండి.

మన పెద్దల చిట్కా

డబ్బు చాలక చిన్న సిస్టమ్ కొన్నవాళ్ళు దిగులు పడొద్దు. ఫిల్ము రోజుల్లో ఎడిటర్లు నెగెటివ్‌ని ముట్టుకునేవారు కాదు. అది ల్యాబులో భద్రంగా ఉండేది. రష్ ప్రింట్ వేయించి, మూవియోలా మీద దాన్నే కోసి అతికించేవారు. కథ కుదిరాక, అంచు మీది నంబర్ల ప్రకారం నెగెటివ్ కట్ చేసేవారు. సరిగ్గా ఇదే పద్ధతి నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ‘ప్రాక్సీ’ పేరుతో ఉంది. బరువయిన 4కె ఫుటేజీకి తేలికపాటి నకళ్ళు తయారుచేసుకుని, వాటి మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫుటేజీతో చిత్రం బయటికి తీయడం. నకళ్ళు తయారవడానికి ఒక రాత్రి పట్టొచ్చు. పడుకుని లేచేసరికి చిన్న కంప్యూటర్ మీద పెద్ద చిత్రం కదులుతుంది!

సెకండ్‌హ్యాండ్ సంగతి

పాతవి కొనడం తప్పు కాదు. అయితే విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ 8వ తరం గాని, రైజెన్ 2000 వరస గాని, ఆ పైది గాని కావాలి. అంతకంటే పాతది చవగ్గా వస్తోందంటే కారణం అదే. ప్రాసెసర్, కేబినెట్, మానిటర్ పాతవయినా ఫరవాలేదు. పవర్ సప్లై, డిస్కులు మాత్రం ససేమిరా కొత్తవే. మానిటర్ ఏదయినా ఐపీఎస్ తెర ఉన్నది చూడండి. మీ తెర మీద గులాబీలా ఉన్న హీరోయిన్ బుగ్గ పక్కవాడి ఫోనులో పసుపు కొమ్ములా కనిపిస్తే ఎవరిది తప్పు?

తీర్పు

పశ్చిమ గోదావరి తమ్ముడికి నా జవాబు ఇది. ఆ కొటేషన్ తిరిగి ఇచ్చెయ్యి. లైట్లు తీసేయించు, భారీ కార్డు తీసేయించు. గ్రాఫిక్స్ భాగం ఉన్న ఆరు కోర్ల ప్రాసెసర్, జంట ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పేరున్న పవర్ సప్లై, యూపీఎస్ రాయించు. డబ్బు మిగిలితే మొదట ర్యామ్ పెంచు, తర్వాత బ్యాకప్ డిస్కు కొను. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకో. వేయనన్నాడా, పక్క కొట్టుకెళ్ళు.

‘ఫ్లో’ పూర్తవడానికి ఐదేళ్ళకి పైగా పట్టింది. ఆ ఐదేళ్ళూ కూర్చుని పనిచేసింది మనిషి. పెట్టె అతన్ని ఆపకుండా ఉంది, అంతే. కొనేటప్పుడు మీరు అడగవలసిందీ అంతమాత్రమే.

వచ్చే వారం: డబ్బింగ్ థియేటర్ లేకుండా, ఇంట్లో దుప్పట్లు కట్టుకుని మంచి శబ్దం రికార్డు చేయడం ఎలా? అందాకా సెలవు!