చార్టు వద్దు, గొంగళిపురుగు కావాలి

మీ హైస్కూలుకు దగ్గర్లోనే ఒక ఎలిమెంటరీ స్కూలు ఉండి ఉంటుంది. మీలో చాలామంది అక్కడ చదువుకునే వచ్చి ఉంటారు. ఈసారి అటు వెళ్లినప్పుడు గోడల వంక ఒకసారి చూడండి. సీతాకోకచిలుక జీవితచక్రం చార్టు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. నాలుగు బొమ్మలు, నాలుగు బాణం గుర్తులు. బజారులో కొన్న చార్టయితే బొమ్మలు మరీ నిగనిగలాడుతుంటాయి. మూడో తరగతి పిల్లవాణ్ణి లేపి అడిగితే నాలుగు దశలూ గడగడ చెబుతాడు. అదే పిల్లవాణ్ణి కరివేపాకు చెట్టు దగ్గరికి తీసుకువెళ్లి, "దీనిమీద గొంగళిపురుగు ఉందేమో చూడు" అనండి. పురుగు కళ్లెదుట ఉన్నా చూడలేడు. ఎందుకంటే అది చార్టులో మాదిరిగా ఉండదు. ఆకుమీద పడిన పిట్టరెట్టలాగా ఉంటుంది!

ప్రాణమున్న ఒక జీవిని తరగతి గదిలో కొన్నాళ్లు పెంచి, రోజూ చూసి, చూసింది రాసిపెట్టుకుని, చివరికి వదిలేయడమే చిన్నపిల్లలకు అసలైన సైన్సు ప్రాజెక్టు అని నా అభిప్రాయం. "చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది, హైస్కూలుకు వచ్చాక చేస్తారులే" అనేవారితో నేను ఏకీభవించను. హైస్కూలుకు వచ్చాక పరీక్షలుంటాయి, ట్యూషన్లుంటాయి. (ఆ సంగతి మీకు నేను చెప్పాలా!) ఒక పురుగు ఆకు కొరుకుతుంటే గంటసేపు చూస్తూ కూర్చునే తీరిక, కుతూహలం ఏడెనిమిదేళ్ల వయసులోనే ఎక్కువ.

అయితే పెంచడమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. తొలకరి వానలు పడగానే ఎర్రని మఖమల్ ముక్కల్లాగా ఆరుద్ర పురుగులు నేలమీదికి వస్తాయి. పిల్లలు వాటిని ఏరి అగ్గిపెట్టెలో వేసుకుంటారు. ఆకలేస్తుందేమోనని నాలుగు గడ్డిపరకలు కూడా వేస్తారు. కొద్దిరోజుల్లో అవి చచ్చిపోతాయి. పిల్లల మనసు మంచిదే. కాని ఆరుద్ర పురుగు గడ్డి తినదు. నేలలోని చిన్న చిన్న పురుగులనూ, వాటి గుడ్లనూ తింటుంది. ఆమాటకొస్తే అది కీటకమే కాదు. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. సాలీడుకూ తేలుకూ అది చుట్టం. దానికి కావలసిన తిండి మనం పెట్టలేం. కాబట్టి అరచేతిమీద కాసేపు నడవనిచ్చి, కాళ్లు లెక్కపెట్టి, దొరికినచోటే వదిలేయాలి. తూనీగ తోకకు దారం కట్టడం, తిరునాళ్లలో రంగు వేసిన కోడిపిల్లను కొనడం కూడా ఈ అగ్గిపెట్టె బాపతే.

తరగతి గదిలోకి ఏ జీవిని తెచ్చినా అది ఏం తింటుందో మనకు తెలిసి ఉండాలి. ఆ తిండి బడి ఆవరణలోనే దొరకాలి. నెలరోజులు తిరిగేసరికి దాన్ని తెచ్చినచోటికి పంపించగలగాలి. రామచిలుక, నక్షత్ర తాబేలు వంటివాటి ఊసే ఎత్తకండి. వాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నేను చెప్పిన షరతులన్నిటికీ సరిపోయే జీవి ఇందాకటి పిట్టరెట్ట పురుగే. దాన్ని నిమ్మ సీతాకోకచిలుక అంటారు. నిమ్మ, నారింజ, కరివేపాకు చెట్ల లేత ఆకులమీద తల్లి ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. లేత పసుపురంగులో, గుండ్రంగా, గసగసాల గింజంత ఉంటాయి. కొద్దిరోజులకు పగిలి పిల్లపురుగు బయటికి వస్తుంది. ఒక అట్టపెట్టెకు ఒక పక్క కోసి దోమతెర గుడ్డ అంటించండి. లేత కొమ్మను నీళ్లసీసాలో నిలబెట్టి, సీసా మూతిని దూదితో గట్టిగా బిగించండి. లేకపోతే పురుగు నీళ్లలోకి దిగి చస్తుంది. రోజూ ఆకు మార్చాలి, పెంటికలు ఎత్తి పారేయాలి. బజారులో కొన్న కరివేపాకు మాత్రం వేయకండి. దానిమీద పురుగుల మందు చల్లి ఉంటే మీ పెట్టెలో ఒక్కటీ మిగలదు.

ఇక చూడవలసింది ఎంతో ఉంది. పురుగు పక్కన దారం పరిచి, ఆ దారాన్ని స్కేలుమీద కొలిస్తే రోజు రోజుకూ ఎంత పెరిగిందో తెలుస్తుంది. పుట్టినప్పుడు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండీ లేనట్టుండేది, చివరికి సుమారు నాలుగు సెంటీమీటర్లవుతుంది. ఈలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తిండి మానేసి కదలకుండా కూర్చుంటుంది. జబ్బు చేసిందనుకుని పిల్లలు దాన్ని కదుపుతారు. కదపకూడదు. నాలుగోసారి చర్మం విడిచాక పిట్టరెట్ట వేషం పోయి ఆకుపచ్చగా తేలుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే, తల వెనకనుంచి ఎర్రని పంగలకర్ర లాంటిది బయటికి పొడుచుకొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. తరగతి మొత్తం కేకలు పెడుతుంది. ఆ కేకల తర్వాత "ఎందుకలా చేస్తుంది?" అని అడిగే పిల్లవాడు ఒక్కడైనా ఉంటాడు. వాడికోసమే ఈ పెట్టె.

తర్వాత అది ఒక పుల్లను పట్టుకుని, నడుముకు పట్టుదారం మొలతాడులాగా కట్టుకుని ప్యూపాగా మారుతుంది. పచ్చని ఆకుల మధ్య ఉంటే ప్యూపా చాలాసార్లు ఆకుపచ్చగా ఉంటుంది. ఎండుపుల్లను పట్టుకుంటే గోధుమరంగులో ఉంటుంది. పెట్టెలో రెండు రకాల పుల్లలూ పెట్టి, ఏది ఏ రంగు అవుతుందో ముందే ఊహించి రాయమనండి. మరో ఎనిమిది, పది రోజులకు సీతాకోకచిలుక బయటపడుతుంది. ముడుచుకున్న రెక్కలు విచ్చుకుని గట్టిపడేదాకా గంటా రెండు గంటలు వేలాడనివ్వాలి. ఆ సమయంలో ముట్టుకుంటే రెక్కలు వంకరపోయి, ఇక ఎగరలేదు. చలికాలంలో ఈ లెక్కలన్నీ కొంచెం సాగుతాయి.

ఒకమాట. గూడూరు వైపు నిమ్మనారు పెంచే రైతు దగ్గర ఈ పురుగును మెచ్చుకోకండి. లేత మొక్కల ఆకులన్నీ తినేసే ఈ పురుగు ఆయనకు శత్రువు. ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పవలసిందే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఒక్కొక్కప్పుడు ప్యూపానుంచి సీతాకోకచిలుక రాదు. చిన్న రంధ్రం పడి అందులోంచి బుల్లి బుల్లి కందిరీగలు బయటికి వస్తాయి. వాటి తల్లి ఎప్పుడో ఆ ప్యూపాలో గుడ్లు పెట్టి పోయింది. పిల్లలు ఏడుస్తారు. "ప్రాజెక్టు చెడిపోయింది" అని పెద్దవాళ్లు పెట్టె పారేస్తారు. చెడిపోలేదు! చార్టులో లేని ఐదో బాణం గుర్తు వాళ్లకు దొరికింది. పెట్టిన గుడ్లన్నీ సీతాకోకచిలుకలే అయితే నిమ్మచెట్టుకు ఒక్క ఆకయినా మిగులుతుందా?

పది గుడ్లు తెచ్చిన తరగతిలో చివరికి నాలుగు సీతాకోకచిలుకలే ఎగిరాయనుకోండి. నోటుపుస్తకంలో నాలుగనే రాయాలి. మిగిలిన ఆరు ఏ తేదీన, ఏ దశలో పోయాయో కూడా రాయాలి. కాని మన బళ్లలో ప్రాజెక్టుకు మార్కులు అట్ట అందాన్నిబట్టి పడుతున్నాయి. పదికి పది అని రాసినవాడికి మెప్పు, నాలుగని రాసినవాడికి "సరిగా చెయ్యలేదు" అన్న మాట. ఎనిమిదేళ్ల వయసులో ఈ పాఠం నేర్చుకున్న పిల్లవాడు పదో తరగతి ప్రయోగశాలలో రీడింగులు ఎలా రాస్తాడో మీకు తెలియనిది కాదు.

పురుగులు పెంచడం పిల్లలాటే గాని సైన్సు కాదంటారా? 1660లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మరియా సిబిల్లా మెరియన్ అనే పదమూడేళ్ల పిల్ల, అంటే మీ వయసుదే, పట్టుపురుగులు పెంచి వాటి మార్పులను బొమ్మలు గీసుకోవడం మొదలుపెట్టింది. బురదలోంచీ కుళ్లులోంచీ పురుగులు పుడతాయని ఇంకా చాలామంది నమ్ముతున్న కాలం అది. ఏ గొంగళిపురుగు ఏ ఆకు తిని ఏ సీతాకోకచిలుక అవుతుందో చూపిస్తూ ఆమె 1679లో పుస్తకం అచ్చువేసింది. అంత దూరం ఎందుకు, మన సికింద్రాబాదు సంగతే చూడండి. 1897లో రొనాల్డ్ రాస్ అక్కడ దోమలను నీటిలో ఈదే పిల్లపురుగుల దశనుంచీ పెంచాడు. బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టి వచ్చిందో ఎలా తెలుస్తుంది? తాను పెంచిన దోమలచేత మలేరియా రోగిని కుట్టించి, వాటిని కోసి చూస్తూ పోయాడు. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పురుగులను శ్రద్ధగా పెంచడం చేతకాకపోతే ఆ ప్రయోగమే లేదు.

పోర్షన్ పూర్తికాదని టీచర్లు భయపడతారు. కొలిస్తే లెక్కలు, రాస్తే తెలుగు, గీస్తే డ్రాయింగు. ఆ భయానికి నా జవాబు ఇంతే. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బళ్లలో పెట్టె శుభ్రం చేసేదెవరన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు మీరే.

ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లు నలుగురు కలిసి హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని ఒక పెట్టె తయారుచేసి ఇవ్వండి. చిన్నవాళ్ల బదులు మీరు చూసి చెప్పకండి, చూడనివ్వండి, రాయనివ్వండి. ఒంటినిండా నూగు ఉన్న గొంగళిపురుగులను తేవద్దు, దురద పెడతాయి. జిల్లేడుమీద ఉండే చారల పురుగు అందమైనదే గాని, జిల్లేడు పాలు కళ్లలో పడితే ప్రమాదం. చిన్నపిల్లలకు అది వద్దు. పెట్టె ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. పెట్టె ఎండలో ఉండకూడదు. దసరాకో సంక్రాంతికో సెలవులు దగ్గరపడుతుంటే గుడ్లు తేకండి. ఆదివారాలు వచ్చి ఆకు మార్చేదెవరో గుడ్లు తెచ్చేముందే పేర్లు రాసుకోండి. బడికి దగ్గరగా ఇల్లున్నవాళ్లయితే మంచిది.