బాయిలరు గదిలోని మనిషి

ఆమధ్య మా పఠన మండలిలో అమెరికన్ మాజీ నావికుల ఆస్బెస్టాస్ జబ్బుల గురించి మాట్లాడాను. ఒక మిత్రుడు వెంటనే అడ్డు తగిలాడు: "సామ్రాజ్యవాదుల యుద్ధనౌకల్లో పనిచేసినవాళ్లకు ప్లీడర్లు దొరికారా లేదా అన్న గొడవ మనకెందుకండీ?" ఈ ప్రశ్నలో విప్లవం కంటే బద్ధకమే ఎక్కువని నా అభియోగం.

యుద్ధం చెయ్యాలన్న నిర్ణయం బాయిలరు గదిలో జరగదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనూ ఆ తర్వాత చాలా ఏళ్లూ నౌకల్లో ఆవిరి గొట్టాలకు చుట్టింది ఈ రాతినారనే. దాన్ని కోసినవాడూ, ఊడదీసినవాడూ, ఆ గొట్టాల కింద పడుకున్నవాడూ అడ్మిరళ్లు కారు. ఊపిరితిత్తుల పొరకు పట్టే మెసోథెలియోమా సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు నక్కి ఉండి బయటపడుతుంది. అప్పటికి నౌక తుక్కయిపోతుంది, తోటివాళ్లు పోతారు. రుజువు తెమ్మని మాత్రం రోగినే అడుగుతారు.

దావా ఎవరిమీద వెయ్యాలి? ప్రభుత్వం మీద వీల్లేదు. సైనికసేవలో కలిగిన హానికి సైనికుడు ప్రభుత్వంపై దావా వెయ్యరాదని అక్కడి సుప్రీంకోర్టు 1950లో ఫెరెస్ కేసులో తేల్చేసింది. కంపెనీ మీద వేస్తే, "నౌకాదళం అడిగిన సరుకే ఇచ్చాం" అంటుంది. ఇక మిగిలింది మాజీ సైనికుల శాఖకు అర్జీ. అక్కడ ప్లీడరు ఫీజు 10 డాలర్లు మించరాదని 1864 నాటి చట్టం. ఆశపోతు ప్లీడర్ల బారినుంచి సైనికుణ్ణి కాపాడటానికట! ఆ కాపుదల 1988 దాకా సాగింది. మాజీ సైనికుల సంఘాలు ఉచితంగా అర్జీలు రాసిపెట్టాయి, నిజమే. కాని శాఖ కాదంటే కోర్టుకెక్కే దారి కూడా అప్పటిదాకా దాదాపు మూసే ఉంది.

"ఇదంతా బూర్జువా న్యాయం, వదిలెయ్యండి" అన్నాడు మిత్రుడు. వదిలేస్తే ఏమయ్యేదో చూడండి. ఈ ధూళి ప్రమాదాన్ని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మేలని కంపెనీ పెద్దలు 1935లోనే ఉత్తరాలు రాసుకున్నారు. అవి 1970ల్లో వెలుగుచూసింది రోగుల దావాల వల్లనే. వర్గస్వభావం మీద మనం ఎన్ని ఉపన్యాసాలు దంచినా ఆ సొరుగు తెరుచుకునేది కాదు.

ప్లీడర్లకు హారతి పట్టమనడం లేదు. గెలిచిన సొమ్ములో మూడోవంతు, ఒక్కోసారి అంతకు మించి, వాళ్లు తీసుకుంటారు. జాన్స్-మాన్విల్ కంపెనీ 1982లో దివాలా చట్టం చాటుకు పోయింది. ఆ తర్వాత బాధితుల కోసం ఏర్పడిన నిధి 1995లో క్లెయిము విలువలో నూటికి 10, 2001లో నూటికి 5 చొప్పున లెక్కకట్టింది. చావుబతుకుల్లో ఉన్నవాడు అందులోంచి మళ్లీ వాటా ఇచ్చి న్యాయం కొనుక్కోవాలా? వాణ్ణి ఆ గదిలోకి పంపిన ప్రభుత్వమే ప్లీడరు ఖర్చు భరించాలని నా వాదం.

ఇంతకీ మేము కూర్చున్న షెడ్డు కప్పు పాత సిమెంటు రేకులదే. వాటిలోనూ ఈ నారే. ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ, చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని మన సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. ఆ రికార్డు చూపమని ఒక కూలి తరఫున నోటీసు ఇచ్చే ప్లీడరు మన ఊళ్లో ఎవరున్నారని అడిగాను. మిత్రుడు కాసేపు కప్పుకేసి చూసి, "కనుక్కుంటానండీ" అన్నాడు.