ఫోనులో చూసిన ఒగ్గుకథ క్షేత్రపరిశోధన అవుతుందా?

యూట్యూబులో చూసిన ఒగ్గుకథను సిద్ధాంతగ్రంథంలో ‘క్షేత్రపరిశోధన’గా పేర్కొనడం అంగీకరించదగినది కాదు. 2016లో జియో వచ్చి డేటా చౌకైన తరువాత మల్లన్న కథ, బీరప్ప కథ అరచేతిలోకి వచ్చాయి. ఆ సౌలభ్యాన్ని నిందించవలసిన పని లేదు. కానీ ఆ చిన్న తెరకోసం కెమెరా తరచు ప్రధాన కథకుని మీదనే నిలుస్తుంది. వంతపాటగాళ్ళు, డోలు, రంగుల పొడులతో వేసిన పట్నం, మొక్కు చెల్లించే కుటుంబం చట్రానికి వెలుపలే మిగిలిపోతాయి. ఒగ్గుకథ ఆరాధనలో భాగమని ఒక అధ్యాయంలో ప్రతిపాదించి, ఆరాధనే కనిపించని దృశ్యాన్ని మరొక అధ్యాయంలో ప్రమాణంగా చూపడం ఏమి న్యాయం?

అలాగని వీడియో ఆధారమే కాదనే వాదమూ నిలవదు. వేమన పద్యాలకు సి.పి.బ్రౌన్ అనేక ప్రతులు సేకరించి పోల్చి చూశాడు. వీడియో కూడా ఒక ప్రతియే. వ్రాయసకాని స్థానంలో ఎడిటర్ ఉన్నాడు, అంతే. తాళపత్రం ఎక్కడిది, ఎవరు వ్రాశారు అని అడిగే మనం, చిత్రీకరించినదెవరు, ఏ సందర్భంలో, ఎక్కడ కత్తిరించారు అని ఎందుకు అడగము? పైగా చానల్ యజమాని తొలగిస్తే ఆ ఆధారం క్షణంలో మాయమవుతుంది (చెదపురుగులకైనా ఏళ్ళు పట్టేది). చూసిన తేదీ, నిడివి, కళాకారుల అనుమతితో శాఖలో భద్రపరచిన ప్రతి లేనిదే వీడియో ఉదాహరణలను పరీక్షకులు ఆమోదించకూడదు.