డప్పు మనది, కబురు మనకు రాదు

ఊరికి ఏ కబురొచ్చినా డప్పు కొట్టి చాటింది మాదిగలమే. మన వాడ నల్లా సంగతి మాత్రం మనకు చెప్పేటోడు లేడు. గుంత తవ్వినంకనే తెలుస్తది!

ప్లాస్టిక్ పైపు గట్టిగుండాలని ఇదివరకు సీసం కలిపేవారు. ఆ వాడకం తగ్గించాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. మరి అంతకుముందు పాతిన పైపుల మాటేమిటి? నీళ్లలో సీసం కంటికి కనబడదు, వాసన రాదు, మరగబెట్టినా పోదు. పసిపిల్లల మెదడును దెబ్బతీస్తది.

అమెరికాలో ఫ్లింట్ పట్నంలో నల్లజాతివాళ్లే ఎక్కువ. 2014లో ఖర్చు తగ్గుతదని అక్కడ నది నీళ్లు వదిలారు. పాత పైపుల సీసం ఆ నీళ్లలో కలిసింది. రంగుమారిన నీళ్లు సీసాల్లో పట్టి చూపించినా, ఏడాదికి పైగా అధికారులు బాగున్నయనే బుకాయించారు. పైపులు మార్చేందుకు కోర్టులో ఒప్పందం 2017లో గానీ కుదరలేదు.

మనకు ఇంత దూరం పోనక్కర్లేదు. 1985లో కారంచేడు నెత్తుటికి మొదలు మాదిగల తాగునీళ్ల కాడ మురికి వద్దన్న మాటే.

ఇటిక్యాల అక్కలారా, అన్నలారా! పైపు మార్చే ముందు అధికారులు వాడకు రావాలె. పొద్దున ఆఫీసుకు పిలిస్తే కాదు, కూలికి పోయినోళ్లు ఇల్లు చేరినంక రావాలె. నీళ్లు మోసేది ఆడోళ్లు, ముందు వాళ్లకు చెప్పాలె. ఏ పైపు వేస్తరు? ఎన్నిరోజులు నీళ్లు బంద్? ట్యాంకర్ ఎవరు పంపుతరు? వీధి పైపు మార్చి ఇంటి పైపు వదిలేస్తరా? అట్లయితే సగం పనే. పరీక్ష కాగితం చదివి వినిపించాలె: లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము దాటొద్దు.

ఇవన్నీ కాగితం మీద రాసి, వేలిముద్రలతో సహా గ్రామసభలో ఇయ్యండి. రశీదు అడిగి తీసుకోండి.