తగ్గిందిగా అని వదిలేయొద్దు

సర్వర్ డౌన్ అయితే మేం రీస్టార్ట్ చేసి ఊరుకోం. తర్వాత కూడా కన్నేసి ఉంచుతాం. టీనేజీ పిల్లల డిప్రెషన్‌ని మాత్రం 'తగ్గిందిగా' అని వదిలేస్తాం.

ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉండటం, రోజూ గొడవలు, తోటివాళ్ల వేధింపులు, నిద్ర కరువవడం.. మొదటిసారి రావడానికి ఇవన్నీ దారులే. యుక్తవయసు వచ్చాక అమ్మాయిల్లో ఇది దాదాపు రెట్టింపు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ. దిగులు, నిద్రలేమి కాస్త మిగిలిపోతే మరీనూ.

మా బాబాయ్ కూతురు టెన్త్‌లో కుంగిపోయి, కోలుకుంది. ఇప్పుడు ఇంటర్ హాస్టల్ వెతుకుతున్నారు. అందరూ ర్యాంకుల గురించి అడుగుతుంటే, నేను "రాత్రి ఎన్ని గంటలు పడుకోనిస్తారో కనుక్కో బాబాయ్" అన్నా. రాసుకున్నాడు.

మీరూ అడగండి. డాక్టర్ చెప్పకుండా మందులు ఆపకండి. సాయానికి టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.