తేరు మీద అమ్మ, పొయ్యి దగ్గర అమ్మలు

వరంగల్ చుట్టుపట్ల కతోలిక క్రైస్తవులున్న ఊళ్లలో క్రిస్మస్, ఈస్టరు గాక మరో పెద్ద పండుగ ఉంటుంది. అది ఆ ఊరి గుడి పండుగ. గుడికి ఏ పునీతుని పేరు పెట్టుకున్నారో, మరియమాతను ఏ పేరుతో కొలుస్తున్నారో ఆ పేరున జరిగే పండుగ. జెండా ఎత్తడంతో మొదలై, తొమ్మిది రోజుల ప్రార్థనలతో సాగి, పూలతో దీపాలతో అలంకరించిన తేరు మీద స్వరూపాన్ని ఊరేగించి, మర్నాడు పెద్దపూజతో, విందుతో ముగుస్తుంది. హక్కుల కోసం పనిచేసేవాళ్లలో కొందరు దీన్ని 'వాళ్ల మత విషయం' అని పక్కన పెట్టేస్తారు. అలా పెట్టెయ్యడం సరికాదు. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి చాకిరి కనబడకుండా పోతుంది, ఏ వాడ దాకా తేరు వస్తుంది అనే మూడు విషయాలూ ఈ పది రోజుల్లో బట్టబయలవుతాయి.

ముందుగా ఈ పండుగ ఎవరి కథ మీద నిలబడిందో చూద్దాం. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. దాని ప్రధాన దేవాలయం ఫాతిమా మాతది. కాజీపేటలో ఫాతిమానగర్ అనే పేటకు కూడా ఆ పేరే స్థిరపడింది. ఫాతిమా అనేది ఒకప్పుడు పోర్చుగల్‌లో ఒక పల్లె. 1917లో అక్కడ గొర్రెలు కాసుకునే ముగ్గురు పిల్లలు తమకు మరియమాత కనబడిందని చెప్పారు. వాళ్లలో ఆమెతో మాట్లాడింది లూసియా ఒక్కతే. అప్పటికి ఆ పిల్లకు పదేళ్లు. కన్నతల్లే నమ్మలేదు. అధికారి ఆ పిల్లల్ని పట్టుకుపోయి నిర్బంధించాడు, బెదిరించాడు. అయినా పిల్లలు మాట మార్చలేదు.

విజయవాడలో ప్రతి ఫిబ్రవరిలో లక్షల మంది వెళ్లే గుణదల మాత పండుగ వెనకా ఇలాంటి కథే ఉంది. గుణదల మాత అంటే లూర్దు మాతే. 1858లో ఫ్రాన్సు దేశపు లూర్దులో మాతను చూశానన్న బెర్నదెత్తు 14 ఏళ్ల పిల్ల. తండ్రి మిల్లు పోగొట్టుకుని కూలికి పోయేవాడు. ఒకప్పుడు జైలుగా వాడి, పనికిరాదని వదిలేసిన గదిలో ఆ కుటుంబం కాపురం. ఆమెకు చదువు రాదు. ఆమెనూ పోలీసులు పిలిపించి ప్రశ్నించారు, ఊరి గురువూ మొదట నమ్మలేదు.

చదువులేని, డబ్బులేని ఆడపిల్లలు చెప్పిన మాటను చివరికి పెద్దలు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఒప్పుకోలు మీదనే ఈ పండుగలు నిలబడ్డాయి. మరి అలాంటి ఆడపిల్ల ఇవాళ మన విచారణలో లేచి నిలబడి ఒక మాట అంటే వినేవాళ్లెంతమంది? పండుగ కమిటీలో ఆమెకు కుర్చీ ఉందా?

కమిటీ అంటే సాధారణంగా మగవాళ్లే. చందా ఎంత వెయ్యాలో, బ్యాండు ఎక్కణ్ణించి తేవాలో, తేరు ఏ దారిన పోవాలో, వేదిక మీద ఎవరికి దండ వెయ్యాలో వాళ్లే తేలుస్తారు. ఆడవాళ్ల వంతుకు గుడి కడగడం, ముగ్గులు వెయ్యడం, పూలు గుచ్చడం, పాటలు నేర్పడం, వచ్చిన చుట్టాలకు వండి వార్చడం వస్తాయి. ఇంటి ముందు తేరు ఆగినప్పుడు కొవ్వొత్తి వెలిగించేదీ ఆమే, ఆ కొవ్వొత్తికీ చందాకీ పొదుపు సంఘంలో అప్పు తెచ్చేదీ ఆమే. అప్పు తీర్చేటప్పుడు మాత్రం కమిటీ కనబడదు. ఇక పండుగ పేరు చెప్పి తాగొచ్చిన మొగుడితో ఆ రాత్రి ఆమె పడే పాట్లు ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కవు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ వారసత్వం ఉన్న మనం గుడి పండుగనాటి తాగుడు గురించి నోరు మెదపకపోతే ఎలా?

అయితే ఈ పండుగ ఆడవాళ్లకు వట్టి చాకిరి మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. కూతుళ్లు పుట్టిళ్లకు వచ్చే రోజులివి. కూలికి పోయే ఆడది తొమ్మిది సాయంత్రాలు పని పక్కన పెట్టి, ఎవరినీ అడగకుండా ఇల్లు కదిలే అవకాశం ఇది. జపమాల పట్టుకుని రాత్రి పదింటిదాకా వీధిలో పదిమంది ఆడవాళ్లతో నడిచే ధైర్యం మిగతా ఏడాదిలో ఎక్కడ దొరుకుతుంది? వాళ్లు మరియమాత దగ్గర చెప్పుకునే మొరల్లో మొగుడి తాగుడు, కూతురి కట్నం, కొడుకు నిరుద్యోగం అన్నీ ఉంటాయి. అందుకే పండుగ వద్దని చెప్పే హక్కు మనకు లేదు. పండుగలో ఆడవాళ్ల పాలు ఎంత అని అడగాలి. మన వరంగల్ ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. బతుకమ్మను పేర్చేదీ, పాడేదీ, ఆడేదీ, నీళ్లలో సాగనంపేదీ ఆడవాళ్లే. పండుగను నడపడం చేతకాదని వాళ్లతో ఎవరనగలరు?

రెండో ప్రశ్న కులానిది. గుడిలోకి వచ్చాక అందరూ ఒకటే అంటారు. కానీ తేరు పెద్దవీధిలో గంటసేపు ఆగి, దళితవాడ మొదట్లోనే వెనక్కి తిరిగితే ఆ 'ఒకటే'కి అర్థమేముంది? తమిళనాడులో కుంభకోణం మేత్రాసనానికి చెందిన ఒక విచారణలో దళితులు పండుగలో తమకు సమాన పాలు లేదని కోర్టుకెక్కారు. 2025లో ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలోనే కాదు, దళితులలోనూ ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి ఆయన. అది సంతోషమే. కానీ మెట్లన్నీ ఎక్కిన ఒక్కరిని చూసి, మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన దళిత స్త్రీని మరిచిపోకూడదు. ఆమెకు గుడిలో ఆడదానిగా ఒక అడ్డు, దళితురాలిగా మరో అడ్డు. బయట 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవురాలైనందుకు షెడ్యూల్డు కులాల రిజర్వేషన్ కూడా దక్కదు.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. 'మైనారిటీల మీద దాడులు జరుగుతున్న ఈ రోజుల్లో లోపలి గొడవలు బయటపెడితే మతోన్మాదుల చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా?' ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. అందుకే ఈ ప్రశ్నలు ముందు ఆ గుడి ఆడవాళ్లే అడగాలి. మన పని వాళ్ల వెనక నిలబడడం. కానీ బయటి భయం చూపించి లోపలి అన్యాయాన్ని కప్పిపెట్టడం ఏ సమాజానికీ మేలు చెయ్యలేదు. మేరీ రాయ్ అనే కేరళ క్రైస్తవ స్త్రీ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లి 1986లో గెలిచింది. అప్పుడూ సమాజం పరువు తీస్తోందనే అన్నారు.

పైగా అడగడానికి ఆధారాలు సభ చట్టంలోనే ఉన్నాయి. 1983 నాటి కతోలిక శాసన సంహిత ప్రతి విచారణకూ ఒక ఆర్థిక సంఘం ఉండాలంటుంది. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్కలు విశ్వాసులకు చెప్పాలంటుంది. తమ అభిప్రాయాన్ని గురువులకు తెలియజేసే హక్కు విశ్వాసులకు ఉందంటుంది. భారత కతోలిక పీఠాధిపతులు స్త్రీ పురుష సమానత్వం మీద 2010లో ఒక విధాన పత్రమే తెచ్చారు. 2021లో పోప్ ఫ్రాన్సిస్ పఠనాలు చదివే పనిని, పీఠం దగ్గర సేవను స్త్రీలకూ అధికారికంగా అప్పగించేలా చట్టం మార్చారు. 2023లో రోములో జరిగిన పీఠాధిపతుల మహాసభలో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. రోములో వెయ్యగలిగిన ఓటు మన ఊరి పండుగ కమిటీలో ఎందుకు వెయ్యకూడదు? తెలంగాణలో సగం గ్రామాల్లో స్త్రీలు సర్పంచులు కావాలని చట్టం ఉంది. పంచాయతీ డబ్బు లెక్క చూసే ఆమె పండుగ చందా లెక్క చూడలేదా?

కాబట్టి వచ్చే పండుగకు ముందే ప్రతి విచారణలో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. అయిదు కోరికలు చాలు. కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి, వాళ్లలో దళిత స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి. పండుగైన నెల లోపు జమాఖర్చులు గుడిలో అందరి ముందూ చదవాలి. తేరు ప్రతి వాడకూ రావాలి, దాన్ని మొయ్యడానికి ఆడవాళ్ల భుజాలూ ఒప్పుకోవాలి. విందు వంటకు కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టాలి, లేదా మగవాళ్లు వంతులు పంచుకోవాలి. పండుగ రోజుల్లో ఆవరణ చుట్టూ మద్యం ఉండకూడదు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, దీపాలు ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటీ విశ్వాసానికి అడ్డం కాదు. ఫాతిమాలో పదేళ్ల పిల్ల అధికారి బెదిరించినా మాట మార్చలేదని ఏటా వేదిక మీద నుంచి చెబుతారు. ఆ కథ విని పెరిగిన మన ఆడపిల్లలు లేచి లెక్క అడిగితే, వాళ్లను కూర్చోమనే హక్కు ఎవరికీ లేదు.