స్పీడ్ సంగతి తర్వాత.. లైన్ పోతే ఎవరొస్తారు?

ఈ వారం నిజానికి ఒక వైఫై 6 రౌటర్ రివ్యూ రాయాల్సింది. బాక్స్ ఓపెన్ చేశా, ఫోటోలు తీశా, అంతా రెడీ. కానీ టెస్ట్ చేద్దామంటే ఇంట్లో ఇంటర్నెట్టే లేదు. 9 రోజులు లేదు. రౌటర్ కొత్తదే, ప్లాన్ 100 ఎంబీపీఎస్‌దే, బిల్లు కూడా టైముకే కట్టా. అందుకే ఈసారి రివ్యూ పక్కన పెట్టి నా గోడు చెప్పుకుంటున్నా. సిటీలో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. ఊళ్లో ఉండి ఇంటి నుంచే పని చేసేవాళ్లకు మాత్రం బాగా అర్థమవుతుంది.

మాది కొండపాక. సిద్దిపేట 20 కిలోమీటర్లు కూడా ఉండదు. జిల్లా కలెక్టరేట్ ఉన్న దుద్దెడ మా మండలంలోనిదే. అంటే మారుమూల అడవేం కాదు. మా తమ్ముడి భార్య హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తది. రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది. లాగిన్ కాకపోతే ఆ రోజు లీవ్ కింద రాస్తారు. లీవులు అయిపోతే జీతం కట్. ఈ 9 రోజుల్లో 4 రోజులు ఆమెకు జీతం పోయింది. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టి చూశాం. కంపెనీ వీపీఎన్ పావుగంటకోసారి తెగిపోతుంటే ఆఖరికి లాప్‌టాప్ పట్టుకుని సిద్దిపేటలో చుట్టాలింటికి వెళ్లి కూర్చుంది. చిన్న పిల్లాడిని మా అమ్మ దగ్గర వదిలేసి!

మొదటి రోజు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఏమన్నారో మీరే చెప్పగలరు. "సార్, ఒకసారి రౌటర్ రీస్టార్ట్ చేయండి." చేశా. "2 నిమిషాలు ఆఫ్ చేసి ఆన్ చేయండి." అదీ చేశా. రెండో రోజు ఇంకొకరు, మళ్లీ మొదటి నుంచి అవే ప్రశ్నలు. మూడో రోజు మాట్లాడినాయన రౌటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి 10 సెకన్లు నొక్కమన్నాడు. నేను గాడ్జెట్ల గురించి రాసేవాడిని, నాకు తెలిసి ఉండాల్సింది. కానీ విసుగులో నొక్కేశా. ఫ్యాక్టరీ రీసెట్ అయ్యి, లైన్‌కు లాగిన్ అయ్యే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయాయి. అప్పటిదాకా వస్తూ పోతూ ఉన్న నెట్ అసలుకే ఆగిపోయింది. ఆ వివరాలు మళ్లీ పెట్టడానికి "టెక్నికల్ టీమ్" రావాలట. నాలుగో రోజు ఎవరూ రాలేదు గానీ ఒక మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది, సేవకు రేటింగ్ ఇవ్వండి.

కంపెనీ పేరు రాయను. పేరు మార్చి చూస్తే మీ ఇంటి కథ కూడా ఇలాగే ఉంటుంది.

నాకు ఈ సందర్భంలో 2003 గుర్తొచ్చింది. అప్పుడు మా ఇంట్లో ల్యాండ్‌లైన్, విండోస్ 98 కంప్యూటర్, 56 కేబీపీఎస్ మోడెమ్. డయల్ చేస్తే కీచుమని, గరగరమని ఆ మోత. అది మోడెమ్‌లు రెండూ లైన్ ఎంత బాగుందో బేరమాడుకునే చప్పుడు. లైన్ బాగుంటే 40 పైన, జాయింట్లలో తడి ఉంటే 26.4 దగ్గర కనెక్ట్ అయ్యేది. చప్పుడు వినే నేను ఇవాళ ఎంత వస్తదో చెప్పేవాడిని, మా నాన్న నవ్వేవారు. ఎర్రర్ వచ్చినా దానికో నంబర్ ఉండేది. 680 అంటే డయల్ టోన్ లేదు, వెళ్లి ఫోన్ ఎత్తి చూడు. 678 అంటే అవతల సమాధానం లేదు. 691 అంటే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. లోపల గదిలో అమ్మ పారలల్ ఫోన్ ఎత్తిందంటే లైన్ కట్, అది నంబర్ లేకుండానే తెలిసేది! స్పీడ్ దరిద్రంగా ఉండేది, ఒప్పుకుంటా. ఒక పాట దిగాలంటే భోజనం చేసి రావాలి. కానీ తప్పు ఎక్కడుందో ఆ డబ్బా నిజం చెప్పేది. వర్షాకాలంలో గరగర ఎక్కువైతే లైన్‌మన్ వచ్చి, తన చిన్న ఫోన్ తీగలకు తగిలించి విని, తడిసిన జాయింట్ వెతికి కట్టి పోయేవాడు. ఆయనకు మా వీధిలో ప్రతి తీగ తెలుసు.

ఇప్పుడు ఫోన్‌లో "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వస్తుంది. అంటే ఏంటి? వైఫై ఉంది, అవతల ఏదో లేదు. ఏది లేదో చెప్పదు.

నిజానికి ఫైబర్ డబ్బా కూడా నిజం చెప్తుంది, మనకు అడగడం రాదు అంతే. ముందు లైట్లు చూడండి. పాన్ అనే లైట్ నిలకడగా పచ్చగా ఉండాలి. ఎల్ఓఎస్ లైట్ ఎర్రగా మెరుస్తుంటే వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదు, లేదా చాలా తక్కువ వస్తోంది. అప్పుడు మీరు వందసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. రెండోది, లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా డబ్బాకు పెట్టి చూడండి. అలా బాగుంటే గొడవ వైఫైది. అలా కూడా లేకపోతే వైఫైని తిట్టి లాభం లేదు. మూడోది అన్నింటికన్నా ముఖ్యం. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తే స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్ అని, లేదా ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్‌లో ఉంటుంది. మన ఇళ్లలో మామూలుగా వాడే డబ్బాలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 18, 20, 22 అయితే హాయిగా ఉన్నట్టు. 27 దాటి కిందికి పోయిందంటే లైన్ ఊగిసలాడుతుంది. కొన్ని కంపెనీలు ఈ పేజీ మనకు కనపడకుండా దాచేస్తాయి. ఎందుకు దాచాలో నాకైతే అర్థం కాదు, జ్వరం ఎంతుందో పేషెంటుకు చెప్పనట్టు.

మాది చూస్తే మైనస్ 28.6. మొదటి రోజే చూసి ఫోన్‌లో చెప్పా. "సార్, రౌటర్ రీస్టార్ట్ చేశారా?" అన్నారు. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె ముందున్న స్క్రీన్‌లో ఈ అంకె రాసుకునే గడే లేదేమో.

తొమ్మిదో రోజు వచ్చింది కంపెనీ మనిషి కూడా కాదు. పక్క ఊళ్లో కేబుల్ పని చేసే పిల్లాడు, కాంట్రాక్టర్ పంపితే బండి మీద వచ్చాడు. స్తంభం కేసి చూసి, "కోతులు గుంజినయ్ అన్నా" అన్నాడు. మా దగ్గర కోతుల బెడద తెలిసిందే కదా, తీగలు పట్టుకుని ఊగుతాయి. క్లాంప్ దగ్గర వైరు మడత పడింది. గాజు తీగ కదా, తెగకపోయినా గట్టిగా వంగితే వెలుతురు బయటికి జారిపోతుంది. ఆ ముక్క తీసేసి స్ప్లైసింగ్ మెషిన్‌తో కొత్తగా అతికించాడు. 25 నిమిషాలు. అంకె మైనస్ 21కి వచ్చింది. తర్వాత ఎవరికో ఫోన్ చేసి యూజర్‌నేమ్ పెట్టించాడు. చాయ్ తాగుతూ చెప్పాడు, అతనొక్కడే చాలా ఊళ్లు చూస్తాడట. స్ప్లైసింగ్ మెషిన్ కూడా ఒక్కటే, ఇంకో మనిషితో పంచుకోవాలట.

నా అభిప్రాయం ఇక్కడే ఉంది. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్వినప్పుడే ఫైబర్ డక్టులు వేయడం మంచి ఆలోచన, భారత్‌నెట్ గ్రామ పంచాయతీల దాకా రావడం మంచిదే. ప్రైవేటు కంపెనీలు కూడా వచ్చాయి. తీగ వచ్చింది. అతికించే మనిషి ఎంతమందికి ఒకడున్నాడు అనే లెక్క మాత్రం ఏ ప్లాన్ పోస్టర్ మీదా కనపడదు. మాలాంటి రివ్యూలు రాసేవాళ్ల తప్పు కూడా ఉంది. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పెట్టి 5కి 4 స్టార్లు ఇచ్చేస్తాం. లైన్ పోయాక ఎన్ని గంటలకు వచ్చారు అని ఎప్పుడైనా రాశామా? ఇకపై నేను రాసే ప్రతి బ్రాడ్‌బ్యాండ్ రివ్యూలో ఆ లైన్ ఉంటుంది.

కనెక్షన్ తీసుకునే ముందు మీరు కూడా వీధిలో నలుగురిని అదే అడగండి, 300 ఎంబీపీఎస్ వస్తదా అని కాదు, పోయినసారి పోతే ఎన్ని రోజులకు వచ్చిండు అని. ఇంటి నుంచి పని చేసేవాళ్లుంటే వేరే కంపెనీ సిమ్ ఒకటి, డబ్బాకు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. అడాప్టర్ మీద ఆంపియర్లు చూసి కొనండి.

డబ్బుల విషయం. ట్రాయ్ 2006లో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనల్లోనే 90 శాతం పైగా ఫాల్టులు మరుసటి పనిదినానికి బాగు చేయాలని ఉంది. 3 పనిదినాలు దాటితే 7 రోజుల అద్దె, 7 దాటితే 15 రోజుల అద్దె, 15 దాటితే నెల అద్దె వెనక్కి ఇవ్వాలని కూడా ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి మీ కంపెనీని ఇప్పటి లెక్క రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబర్ రాసుకోండి, అది లేకుండా ఏ మాటా నిలబడదు. కస్టమర్ కేర్‌లో తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, దానికి అప్పీలు ఉచితం. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడికి వెళ్లొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 1915కు ఫోన్ చేస్తే దారి చెప్తారు.

మరదలి 4 రోజుల జీతం వీటిలో ఏదీ తిరిగి ఇవ్వదు. ఆమె నన్ను ఏమీ అనలేదు గానీ, "బావగారూ, ఆ పిన్ను మాత్రం మళ్లీ గుచ్చకండి" అంది. నేను 3 డాకెట్ నంబర్లు, ఆ మైనస్ 28.6 ఉన్న స్క్రీన్‌షాట్ పెట్టి అప్పీలు పంపా. వచ్చే నెల బిల్లులో సర్దుబాటు చేస్తామని మెయిల్ వచ్చింది. బిల్లు 5వ తేదీన వస్తుంది. రౌటర్ రివ్యూ ఆ తర్వాతి వారం.